లేవని ద్వారపాలకుడు

ఇంటిలో దీపము కొండెక్కినచో తక్షణమే తెలియును. కుళాయిలో నీరు నిలిచినచో వంటింటి గిన్నెలే చెప్పును. కాని వీథిగుమ్మమున రాత్రియంతయు కూర్చుండవలసిన కాపలాదారు ఆనాడు పనికి రాలేదను సంగతి, దొంగ వచ్చి పోయిన తరువాతనే తప్ప ఇంటివారికి తెలియు మార్గము లేదు. కంప్యూటరులోని ఫైర్‌వాల్ అనునది సరిగా ఇట్టి కాపలాదారు. అది పనిచేయుచున్నప్పుడును మనకు కనబడదు, మానివేసినప్పుడును కనబడదు. ఉత్తరములు వచ్చుచునే యుండును, వార్తలు తెరచుకొనుచునే యుండును, బ్యాంకు లెక్కలు చూపబడుచునే యుండును. తెర యొక్క క్రింది మూలమున నొక చిన్న బొమ్మపై ఎర్రని ఇంటు గుర్తు మాత్రము, ఎవరును పట్టించుకొనని బిచ్చగానివలె, కూర్చుండి యుండును.

కొన్ని యేండ్ల క్రిందట నా బల్లమీది విండోస్ 7 యంత్రమున ఆ గుర్తు ఎన్ని దినములనుండి యుండెనో నేను చెప్పజాలను. సంక్రాంతికి వచ్చిన నా మేనల్లుడు దానిని చూచి, "మామయ్యా, ఈ ఎర్ర గుర్తు ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని యడిగినప్పుడు, "ఏ గుర్తురా?" అని నేను ప్రత్యుత్తరమిచ్చితిని. వాడు నిట్టూర్చి, దానిపై నొక్కి, ఫైర్‌వాల్‌ను వెలిగించు మీటను నొక్కినాడు. వెలుగుటకు మారుగా ఒక చిన్న కిటికీ తెరచుకొని, తాను కొన్ని అమరికలను మార్చజాలననియు, దోషసంఖ్య 0ఎక్స్8007042సీ అనియు విన్నవించుకొన్నది. మరల నొక్కినాడు, మరల అదియే. మీట యున్నది, నొక్కు వాడున్నాడు, యంత్రము చక్కగా నడచుచున్నది. మరి ఒక్క ఫైర్‌వాల్ మాత్రము ఏల లేవకున్నది? ఆ పండుగ దినముల మధ్యాహ్నము లన్నియు మాకు ఈ ప్రశ్నతోనే గడచినవి.

గోడ యనిరి గాని, అది గుమ్మము

ఫైర్‌వాల్ అను పేరు గృహనిర్మాణమునుండి వచ్చినది. కట్టడములో నొక భాగమున నిప్పంటుకొన్నచో రెండవ భాగమునకు ప్రాకకుండ నడుమ కట్టు దట్టమైన గోడకు ఆ పేరు. మోటారుకారులో ఇంజనునకును, కూర్చుండువారికిని నడుమ నుండు రేకును సైతము ఆ పేరుతోనే పిలుతురు. వేసవిగాలికి తాటియాకు ఇండ్ల వరుస ఒకదానినుండి యొకటి అంటుకొని గడియలో పేట యంతయు బూడిదయగుట నెరిగిన మన కోస్తా గ్రామములవారికి, ఆ వరుస నడుమ నొక మట్టిగోడ యుండుట యెంతటి భాగ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఐనను కంప్యూటరు విషయమున ఈ యుపమానము సగమే చెల్లును. గోడ అందరిని ఆపును. ఈ ఫైర్‌వాల్ కొందరిని ఆపి కొందరిని పోనిచ్చును. కావున దీనిని గోడ యనుటకంటె, చేతిలో జాబితా పట్టుకొని గుమ్మమున నిలిచిన ద్వారపాలకుడనుట సమంజసము. ఇంటర్నెట్టున సమాచారము ఏకధారగా ప్రవహింపక చిన్నచిన్న పొట్లములుగా, అనగా ప్యాకెట్లుగా, వచ్చుచుండును. ప్రతి ప్యాకెట్టుపైనను ఎవరు పంపిరి, ఎవరికి పంపిరి, ఆ యింటిలో ఏ తలుపునకు పంపిరి అను మూడు ముచ్చటలు వ్రాసి యుండును. ఈ తలుపులనే పోర్టు లందురు. ఇవి 0 మొదలు 65,535 వరకు గలవు. ఇన్ని తలుపులు చూచి భయపడనక్కరలేదు. వెనుక ఏ ప్రోగ్రామును చెవియొగ్గి కూర్చుండని తలుపు తలుపు కాదు, గోడయే. భయమంతయు, లోపల నెవరో వినుచు కూర్చున్న కొద్దిపాటి తలుపుల వలననే. అట్టివానిలో విండోస్ తన సొంత పనులకై కొన్నిటిని తెరచియుంచుకొనును. ఫైళ్లను ఇరుగుపొరుగు యంత్రములతో పంచుకొనుటకు వాడు 445వ తలుపు అట్టిదొకటి.

ద్వారపాలకునికి జ్ఞాపకశక్తియు గలదు. మీరు ఒక పత్రిక పుటను కోరి ప్యాకెట్టును బయటకు పంపినప్పుడు, ఎవరికి పంపితిరో అతడు తన పుస్తకమున గుర్తువేసికొనును. వారినుండి జవాబు వచ్చినచో, "పిలిచినవారు వచ్చినారు" అని లోపలికి పంపును. పిలువని పేరంటమునకు వచ్చినవానిని మాత్రము జాబితాలో నున్ననే పంపును, లేనిచో ఆపును. ఫైర్‌వాల్ లేనప్పుడును పత్రిక మామూలుగా తెరచుకొనుటకు కారణము ఇదియే: మనము పిలిచినవారికి ద్వారపాలకుడు సాధారణముగా అడ్డు కాడు. అతడు లేని లోటు పిలువనివారు వచ్చిననే తెలియును.

పిలువనివారు వచ్చుట యనగా నేమో 2003 ఆగష్టులో లోకమంతయు చూచినది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వెలువడినప్పుడే అందొక ద్వారపాలకుడుండెను గాని, అతనిని నిద్రపుచ్చియే పంపిరి. కావలసినవారు వెదకి లేపుకొనవలెను. అంతట బ్లాస్టర్ అను పురుగు 135వ తలుపున ప్రవేశించినది. ఎవరును ఏ ఉత్తరమును తెరువలేదు, ఏ ఫైలును దింపుకొనలేదు. తీగ కలిపి ఊరకున్నవారి యంత్రములే అరువది సెకనులలో ఆగిపోవుదుమని తెరపై లెక్కపెట్టి మరీ ఆగిపోయి, మరల లేచి, మరల ఆగిపోయినవి. ఆ లోపమునకు మైక్రోసాఫ్టువారు మరమ్మతును జులై నెలలోనే పంచియుండిరి, వేసికొనినవారే తక్కువ. 2004 ఏప్రిల్ నెలాఖరున సాసర్ అను మరియొక పురుగు 445వ తలుపున వచ్చినది. ఆ సంవత్సరము ఆగష్టులో ఎక్స్‌పీకి వెలువడిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో ద్వారపాలకుడు మొదటినుండియే మేల్కొని యుండునట్లు మార్చిరి. నాటినుండి నేటివరకు అదియే పద్ధతి.

శివారు చేను ఎండినప్పుడు

మరి మేల్కొని యుండవలసినవాడు మేల్కొనకపోవుట యేల? ఇక్కడనే సామాన్యుడు దారి తప్పును. ఫైర్‌వాల్ లేవలేదు కావున ఫైర్‌వాల్ చెడినదని యనుకొనును. గోదావరి డెల్టాలో శివారు భూముల రైతు ఇట్టి పొరబాటు ఎన్నడును చేయడు. తన చేను ఎండినచో చేనిలో తప్పు వెదకడు. గట్టువెంట ఎగువకు నడచును. ముందు తన పంటబోదె చూచును. అది ఎండియున్నచో తూము చూచును. తూము తెరచియే యుండి నీరు లేనిచో కాలువ గట్టెక్కి లాకు దగ్గర లస్కరును అడుగును. చేను ఎండుట యొకచోట, కారణము ఇంకొకచోట; నడుమ నున్నది గట్టువెంట నడక.

> తెర వెనుక సేవకులు
> మనము పేరును, రహస్యపదమును ఇచ్చి లోనికి పోవుటకు పూర్వమే విండోస్‌లో అనేక ప్రోగ్రాములు పని మొదలుపెట్టును. వీనికి కిటికీ లుండవు, బొమ్మ లుండవు. ఇవియే సర్వీసులు. అచ్చు కాగితములను వరుసలో పెట్టునది యొకటి, గడియారమును సరిచేయునది యొకటి, ఫైర్‌వాల్ ఒకటి. ప్రతి సర్వీసునకు మూడు సంగతులు వ్రాసి యుండును: ఏ ఫైలును నడుపవలెను, ఏ పేరుతో అనగా ఏ హక్కులతో నడుపవలెను, దీనికంటె ముందు ఎవరు లేచియుండవలెను. ఈ మూడింటిలో ఏ యొకటి తప్పినను సర్వీసు లేవదు.

2007లో జనులకందిన విండోస్ విస్టాతో ఫైర్‌వాల్ కట్టడమునే మార్చిరి. నాటినుండి నియమములను నిర్ణయించునది ఫైర్‌వాల్ సర్వీసు. ఆ నియమములను భద్రపరచి, క్రమపరచి, యంత్రపు అంతర్భాగమున ప్యాకెట్లను వాస్తవముగా ఆపు వడపోత యంత్రాంగమునకు అందించునది బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్ అను వేరొక సర్వీసు. సంక్షేపముగా దీనిని బీఎఫ్‌ఈ యందురు. బీఎఫ్‌ఈ లేవనిదే ఫైర్‌వాల్ లేవదు. ఫైర్‌వాల్‌కు తోడుగా ఒక డ్రైవరును కావలెను. ఇక బీఎఫ్‌ఈ లేవవలెనన్నచో, ప్రోగ్రాములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు సాధనమైన ఆర్‌పీసీ యను సర్వీసు ముందు లేచి యుండవలెను. ఇది చేను, తూము, కాలువ వంటి వరుస. ఆర్‌పీసీ ఆగినచో ఫైర్‌వాల్ మాట యటుంచి విండోసే కుంటుపడును. యంత్రము తక్కిన అన్ని విధముల నడచుచున్నప్పుడు అనుమానము అంత ఎగువకు పోనక్కరలేదు. నా యనుభవమున దోషము నూటికి తొంబదిపాళ్లు తూము దగ్గరనే, అనగా బీఎఫ్‌ఈ దగ్గరనే యుండును. ఇది లెక్కకట్టి చెప్పిన మాట కాదు, గట్టున నడచినవాని మాట.

ఇంతకు ఆ దోషసంఖ్య యేమి చెప్పినట్లు? దానిని చూచి భయపడి కిటికీని మూసివేయుట మన అలవాటు. కాని కంసాలి తూకపురాళ్లవలె ఆ సంఖ్యలోని ప్రతి అక్షరమునకు బరువు గలదు.

> సంఖ్యను విప్పుట
> 0ఎక్స్8007042సీ లో మొదటి 8 అనగా పని విఫలమైనదని. తరువాతి 7 అనగా ఈ దోషము విండోస్ యొక్క పాత సాధారణ పట్టికలోనిదని. మిగిలిన నాలుగు స్థానములు, అనగా 042సీ, ఆ పట్టికలోని వరుససంఖ్య. కాని అది పదులలో గాక పదునారులలో వ్రాయబడినది. అందు సీ యనగా 12. నాలుగు 256లు 1024. రెండు 16లు 32. వానికి 12 చేర్చినచో 1068. పట్టికలో 1068కి ఎదురుగా నున్న మాట: "ఆధారమైన సర్వీసు లేవలేదు."
> ఇట్లే 0ఎక్స్80070422 అనునది 1058, అనగా సర్వీసును ఎవరో నిలిపివేసి యుంచినారు. 0ఎక్స్80070424 అనునది 1060, అనగా అట్టి సర్వీసే ఇక్కడ లేదు. ఒంటరిగా 5 అని వచ్చినచో, ప్రవేశమునకు అనుమతి లేదు.

కావున మా యంత్రము మొదటి క్షణముననే నిజము చెప్పినది: "నాలో దోషము లేదు, ఎగువ చూడుడు." మేమే వినలేదు.

మేనల్లుడు సర్వీసుల జాబితాను తెరచినాడు. ఫైర్‌వాల్ పేరుపై రెండుమారులు నొక్కి, డిపెండెన్సీస్ అను పుటకు పోయినాడు. అందు పైన నొక గడి, క్రింద నొక గడి యుండును. పైగడిలో ఈ సర్వీసు ఎవరిపై ఆధారపడినదో, క్రిందిగడిలో దీనిపై ఎవరు ఆధారపడినారో వ్రాసి యుండును. ఇంత విలువైన పుట విండోస్‌లో మరియొకటి లేదని నా యభిప్రాయము; దీనిని తెరచినవారిని మాత్రము నేను వ్రేళ్లమీద లెక్కింపగలను. పైగడిలో బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్ కనబడినది. జాబితాలో దాని యెదుట "స్టార్టెడ్" అని యుండవలసినచోట ఖాళీ. దానిపై నొక్కి లేపబోగా వచ్చిన జవాబు ఈమారు వేరు: దోషము 5, ప్రవేశమునకు అనుమతి లేదు.

"మళ్లీ ఎర్రరే వచ్చింది మామయ్యా," అని వాడు డీలాపడినాడు. కాని అది అదే దోషము కాదు. 1068 పోయి 5 వచ్చినదనగా చేనునుండి తూమువరకు నడచితిమని యర్థము. మరమ్మతు చేయువారు సాధారణముగా దోషము పోయినదా లేదా యని మాత్రమే చూతురు. దోషసంఖ్య మారినదా లేదా యని చూచుట అంతకంటె ముఖ్యము. సంఖ్య మారనిచో చేసిన చికిత్స వృథా. మారినచో, వ్యాధి నయము కాకున్నను, దారి సరియైనదే.

ఈ నడకకు ఇంకొక సాక్షి యుండును. ఈవెంట్ వ్యూయర్ అను దినచర్యాపుస్తకమున విండోస్ తనకు జరిగిన ప్రతి విఘ్నమును వేళతో సహా వ్రాసికొనును. అందు 7001 అను సంఖ్యగల పద్దును వెదకినచో, ఫలానా సర్వీసు ఫలానా సర్వీసుపై ఆధారపడియున్నది, అది ఫలానా కారణమున లేవలేదు అని మూడు సంగతులును ఒక్క వాక్యమున దొరకును. మాకు దొరికిన వాక్యమున ఫైర్‌వాల్, బీఎఫ్‌ఈ, అనుమతి లేమి మూడును వరుసగా నుండెను. నాలుగు దినముల ముందు చూచియున్నచో నాలుగు మధ్యాహ్నములు మిగిలి యుండెడివి.

అడంగలులో లేని చేను

మా సంగతి ముగించుటకు ముందు, అంతకంటె కఠినమైన 1060ని గూర్చి చెప్పవలెను. ఏలయన దానిలో ఒక విచిత్రము గలదు. సర్వీసే లేదని యంత్రము చెప్పును. డిస్కులో వెదకినచో బీఎఫ్‌ఈ ఫైలు చెక్కుచెదరక కూర్చుండి యుండును. ఉన్నదానిని లేదనుట యెట్లు?

చేను నేలమీద నుండుట వేరు, ఒకప్పటి కరణముగారి భూలెక్కల అడంగలులో నుండుట వేరు అను సంగతి ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము గొలుపదు. విండోస్‌కు అడంగలు వంటిది రిజిస్ట్రీ. ప్రతి సర్వీసునకు అందొక పుట గలదు. ఆ పుట చిరిగిపోయినచో, ఫైలు ఎంత భద్రముగా నున్నను, విండోస్ దృష్టిలో ఆ సర్వీసు పుట్టనే లేదు.

పుటలు తమంత తాము చిరుగవు. 2012 ప్రాంతమున జీరోయాక్సెస్, లేక సిరెఫెఫ్, అను దుష్టప్రోగ్రాము ఈ పని చేయుటలో ఆరితేరినది. యంత్రమున ప్రవేశించినంతనే అది ఫైర్‌వాల్, బీఎఫ్‌ఈ, విండోస్ డిఫెండర్ మొదలగు కాపలాదారుల పుటలను రిజిస్ట్రీనుండి చించివైచెడిది. 2013 డిసెంబరులో మైక్రోసాఫ్టు, యూరోపోల్, అమెరికా ఎఫ్‌బీఐ కలసి దాని జాలమును చాలవరకు దెబ్బతీసినవి. కాని వైరస్‌ను ఏరివేయు ప్రోగ్రాములు దొంగను పట్టునే గాని చిరిగిన పుటలను తిరిగి వ్రాయవలెనను నియమము లేదు. అందుచేత ఎందరో, "వైరస్ పోయింది, అయినా ఫైర్‌వాల్ రావడం లేదు" అని తల పట్టుకొనిరి.

ఇట్టి స్థితిలో, అదే కూర్పు విండోస్ గల ఆరోగ్యవంతమైన మరియొక యంత్రమునుండి ఆ పుటలను ఎగుమతి చేసి తెచ్చి యతికించుట రివాజు. అతికించి, యంత్రమును తిరిగి లేపినచో 1060 పోవును. దాని స్థానమున 5 వచ్చును! దీనిని చూచి తెచ్చిన పుటలే చెడ్డవని పారవైచినవారు గలరు. నిజమేమనగా, రిజిస్ట్రీ పుటను ఎగుమతి చేసినప్పుడు అందలి వ్రాత మాత్రమే వచ్చును. దానిని ఎవరు చదువవచ్చును, ఎవరు వ్రాయవచ్చును అను హక్కులు రావు. నకలు కాగితము వచ్చినది గాని పట్టా మార్పిడి కాలేదు.

యజమానికి తెరచుకొను తలుపు

ఇక్కడ నా యంత్రపు కథయు ఆ కథయు ఒకే రేవునకు చేరును. నాకు పుట చిరుగలేదు, హక్కులు చెదరినవి. కారణము, యంత్రమును వేగవంతము చేయునని నమ్మి అంతకు రెండు నెలల ముందు నేనే దింపుకొన్న ఒక శుభ్రపరచు ప్రోగ్రాము. అది రిజిస్ట్రీని ఊడ్చి తుడిచి, అనుమతులన్నిటిని తనకు తోచిన యొకే మూసలో పోసినది.

ఈ దోషమును కనిపెట్టుట కష్టమగుటకు కారణము గమనింపదగినది. మేనల్లుడు రిజిస్ట్రీలో సర్వీసుల శాఖకు పోయి, బీఎఫ్‌ఈ పుటలో పారామీటర్స్ అను ఉపశాఖను, దానిలో పాలసీ యను ఉపశాఖను తెరచినాడు. చక్కగా తెరచుకొన్నది. "అనుమతి లేదంటుందేమిటి? నాకు తెరుచుకుందిగా!" అని వాడాశ్చర్యపడినాడు. తెరచుకొనక యేమి? తెరచినవాడు యజమాని. కాని బీఎఫ్‌ఈ యజమాని పేరుతో నడువదు. వలల, అనగా నెట్‌వర్కుల, నడుమ పనిచేయు సర్వీసునకు సర్వాధికారములిచ్చినచో, దానిని లోబరచుకొన్న దొంగకు సర్వాధికారములును చేతికి వచ్చునని తలచి, విండోస్ దానికి లోకల్ సర్వీస్ అను అల్పాధికారపు పేరును, దానిపై బీఎఫ్‌ఈకి మాత్రమే చెందిన ప్రత్యేకమైన గుర్తింపును ఇచ్చినది. పాలసీ పుటను చదువవలసినది మేనల్లుడు కాదు, ఆ గుర్తింపు గల సేవకుడు. యజమాని తన తాళపుచెవితో భోషాణము తెరచి, "తెరచుకొన్నది గదా, వంటవాడు బియ్యము ఏల తీయడు?" అని కోపగించుకొన్నట్లున్నది.

పాలసీ పుటపై కుడిమీట నొక్కి అనుమతుల జాబితాను తెరచితిమి. నిర్వాహకులున్నారు, సిస్టమ్ ఉన్నది; బీఎఫ్‌ఈ పేరు లేదు. ముందుగా ఆ శాఖను ఒక ఫైలుగా ఎగుమతి చేసి దాచుకొంటిమి. రిజిస్ట్రీలో చేయి పెట్టువారు ఈ యొక్క పనిని మరచినచో నేను వారికి మందు చెప్పను. తరువాత పేరును చేర్చబోగా, జాబితాలో ఎంత వెదకినను బీఎఫ్‌ఈ కనబడదు. ఇట్టి సేవకుల పేర్లు మనుష్యుల పేర్లతో కలసి చూపబడవు. ఎన్‌టీ సర్వీస్ అని వ్రాసి, వెనుకకు వాలిన గీత పెట్టి, బీఎఫ్‌ఈ అని చేతితో వ్రాయవలెను. వ్రాసి, చెక్ నేమ్స్ అను మీట నొక్కగా, ముందరి మాటలన్నియు మాయమై బీఎఫ్‌ఈ అను మూడక్షరములు మాత్రము క్రిందగీతతో నిలిచినవి. యంత్రము వానిని గుర్తుపట్టినదని దాని యర్థము. దానికి చదువుటకును, విలువలు వ్రాయుటకును, ఉపశాఖలు కల్పించుటకును హక్కులిచ్చితిమి. సంపూర్ణాధికారము ఇచ్చినను పని జరుగును గాని, వంటవానికి బియ్యపు గది తాళము చాలును, ఇనుపపెట్టె తాళ మక్కరలేదు.

వేరు రోగములకు వేరు మందులు

ఇంతకు పూర్వమే మా వాడు చేసిన చికిత్సలను గూర్చి ఒక మాట. వాడు మొదట ఎస్‌ఎఫ్‌సీ యను పరీక్షను నడిపినాడు. అది విండోస్ యొక్క ముఖ్యమైన ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసి, దాచియుంచిన మూలప్రతులతో పోల్చి, చెడినవానిని మార్చును. అరగంట నడచి, అంతయు సవ్యముగా నున్నదని చెప్పినది. అది అబద్ధము చెప్పలేదు, ఫైళ్లన్నియు సవ్యమే. చెడినది అనుమతి, దానిని చూచుట ఆ పరీక్ష పని కాదు. ఆ తరువాత ఫైర్‌వాల్ నియమములన్నిటిని మొదటి స్థితికి మరల్చు ఆజ్ఞ నిచ్చినాడు. ఫైర్‌వాల్ సర్వీసును కలసికొనలేకపోతినని అది చేతులెత్తివేసినది. నియమములు పాడైనప్పుడు అది మంచి మందే. కాని లేవనివానికి క్రొత్త జాబితా ఇచ్చుటయెట్లు? ఇక విండోస్‌ను తుడిచి మరల ఎక్కించుట యనునది చివరి మాట. చాలమంది దానినే మొదటి మాటగా చెప్పుదురు. మన ఫైళ్లను, ప్రోగ్రాములను అట్లే యుంచి విండోస్‌ను మాత్రము దానిపైననే తిరిగి పరచు పద్ధతియు గలదు. గట్టున నడచి నడచి అలసినప్పుడు అది మేలు.

కొన్నిచోట్ల దోషమే యుండదు. వేరొక సంస్థవారి యాంటీవైరస్‌ను తమ సొంత ఫైర్‌వాల్‌తో సహా ఎక్కించుకొన్నచో, అది తాను కాపలా కాచుచున్నానని విండోస్‌కు తెలియజేయును. విండోస్ తన కాపలాను ప్రక్కకు తీసికొనును. ఒక గుమ్మమున ఇద్దరు ద్వారపాలకులు వేర్వేరు జాబితాలతో నిలుచుట క్షేమము కాదు. యంత్రము వేగముగా నడచునని ఎవరో చెప్పగా ఫైర్‌వాల్ సర్వీసును తామే నిలిపి యుంచి, తరువాత మరచినవారును గలరు; వారికి వచ్చునది 1058. ఫైర్‌వాల్‌ను ఆర్పుకొనుట వేరు, దాని సర్వీసును నిలిపివేయుట వేరని మైక్రోసాఫ్టువారు స్పష్టముగా హెచ్చరించి యున్నారు. సర్వీసు నిలిచినచో ఇటీవలి విండోస్‌లలో స్టార్ట్ మెనూ మొరాయించుట, క్రొత్త తరహా యాప్‌లు ఎక్కకపోవుట వంటి చిక్కులు వచ్చును. గుమ్మపు కాపలాకును స్టార్ట్ మెనూకును సంబంధమేమని యడుగవచ్చును. డిపెండెన్సీస్ పుటలోని క్రిందిగడిని తలచుకొనుడు. విండోస్ 10, 11 లలో ఫైర్‌వాల్, బీఎఫ్‌ఈ అను ఈ రెండు సర్వీసుల మీటలు వెలవెలబోయి నొక్కుటకు లొంగకుండ చేసియుండుట ఇట్టి స్వయంకృతములను ఆపుటకే యగును.

కాపలా లేని దినములు

అన్ని దినములు గుమ్మము తెరచియుండి మాకేమియు కాకపోవుట ఎట్లని మేనల్లుడు అడిగినాడు. ఇంటిలోని రౌటరు కాచినది. ఇంటిలోని ఫోనులు, కంప్యూటరులు అన్నియు బయటి లోకమునకు సాధారణముగా ఒకే చిరునామాతో కనబడును. లోపలివారు పిలువక బయటినుండి వచ్చిన ప్యాకెట్టు ఎవరిదో తెలియక రౌటరు దానిని గుమ్మముననే పారవైచును. ఇది ఫైర్‌వాల్ కాకున్నను, వీథిగేటు వంటిది. కాని గేటు లోపలనున్న పొరుగు గదివానినుండి అది కాపాడదు. ఇంటిలో నొక ఫోనో, మరియొక కంప్యూటరో పురుగుపట్టినచో దానికిని మన యంత్రమునకును నడుమ ఏ గేటును లేదు. ఆ యంత్రమునే సంచిలో పెట్టుకొని రైల్వే స్టేషనులోనో, హోటలులోనో అందరి వైఫైకి కలిపినచో, ఇక చుట్టునున్న అపరిచితులందరును పొరుగు గదివారే. అందుచేత ఫైర్‌వాల్ లేవని యంత్రమును బాగుచేయుచున్నంతసేపు తీగ తీసి యుంచుట, వేరొక యంత్రమున దింపిన వైరస్ పరీక్షను పెన్‌డ్రైవులో తెచ్చి ముందుగా నడుపుట యుక్తము. దొంగ లోపల నుండగా చిరిగిన పుటలు అతికించినచో వాడు మరల చించును.

ఇంకొక సూక్ష్మము. యంత్రము మేల్కొనునప్పుడు వల ముందు లేచును, బీఎఫ్‌ఈ తరువాత లేచును. ఆ నడుమ క్షణములలో గుమ్మము ఎవరిది? దీనికై విండోస్ కొన్ని ప్రాథమిక నియమములను ముందే అంతర్భాగమున నుంచును. బీఎఫ్‌ఈ లేచి తన జాబితా తెరచువరకు అవి కాచును. పగటి కాపలాదారు వచ్చువరకు తెల్లవారుజామున గుమ్మముకడ కూర్చుండు ఇంటి ముసలితాతవలె నన్నమాట.

బీఎఫ్‌ఈకి హక్కులిచ్చిన పిమ్మట యంత్రమును ఆపి మరల లేపితిమి. సర్వీసుల జాబితాలో బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్ యెదుట స్టార్టెడ్ అని వచ్చినది. దాని వెంబడినే, ఎవరును లేపకుండనే, ఫైర్‌వాల్ యెదుటను వచ్చినది. ఫైర్‌వాల్‌లో మేము వేలుపెట్టిన దేమియు లేదు. ఆ సాయంకాలము మేనల్లుడు తన చెల్లెలి ల్యాప్‌టాపుతో ఆడుకొనుటకు ఒక చదరంగపు ఆటను తెరచినాడు. వెంటనే ఒక కిటికీ లేచి, ఈ ప్రోగ్రాము బయటినుండి వచ్చు పిలుపులను వినగోరుచున్నది, ఇంటివలలో విననిత్తురా, బహిరంగ వలలలోనా యని రెండు గడులు చూపి యడిగినది. వాడు రెండింటిపైనను గుర్తు పెట్టబోయినాడు.

"ఒరేయ్, స్టేషన్లో ఎవడితో ఆడతావురా?" అంటిని.

వాడు రెండవ గడిలోని గుర్తు తీసివైచినాడు.